సుద్ద బాణం

కర్టెన్లు కుట్టే షెడ్డులో అందరూ పిన్ని అని పిలిచే ఆవిడ బస్సెక్కితే, దిగాల్సిన స్టాపు దాటిపోతున్నా సరే, "ఆపండి" అని గొంతెత్తి అరిచిన పాపాన పోలేదు. అరిస్తే బస్సంతా తలతిప్పి చూస్తుందట. ఇంకెవరైనా ఆపిస్తే వాళ్ళ వెనకే దిగేది, లేదంటే తర్వాతి స్టాపు దాకా వెళ్ళి, నోరు మూసుకుని వెనక్కి నడుచుకుంటూ వచ్చేది. ఆవిడ మొగుడు సిటీ బస్సు డ్రైవరు. "అందరూ నీలాంటివాళ్ళే ఎక్కితే నా బండికి బ్రేకులు అరగవే. డిపోవాళ్ళు నాకు దండేసి సన్మానం చేస్తారు" అని ఏడిపించేవాడు.

అలాంటి మనిషి ఆ వారం ఏం చేసిందో షెడ్డులో ఇప్పటికీ తలా ఒక రకంగా చెప్పుకుంటారు. ఎవరెలా చెప్పుకున్నా, జరిగింది మాత్రం ఇది.

మంగళవారం పొద్దున్నే వ్యాన్ వెనక్కి వచ్చింది. ముందురోజు ఒక నాటకశాలకి ఎంతో అట్టహాసంగా పంపిన వేదిక తెర మూటగట్టి అందులో పడి ఉంది. షెడ్డు యజమానురాలిని అందరూ మేడమ్‌గారంటారు. ఆవిడ ఎవరితోనూ మాట్లాడకుండా తెరని ఇనుప దూలానికి వేలాడదీయించి, లైట్లన్నీ వేయించింది.

"చూడండి" అంది.

చూడమని చెప్పక్కర్లేదు, కనబడుతూనే ఉంది. మెరూన్ రంగు వెల్వెట్ నిండుగా మెరిసిపోతోంది. నిలువుగా కలిపి కుట్టిన పన్నాల్లో, అంటే బట్ట పట్టీల్లో, సరిగ్గా మధ్యలో ఉన్న ఒక్క పన్నా మాత్రం పాలిపోయి, వేరే తానులోంచి తెచ్చి అతికించినట్టుంది. నిజానికి అంతా ఒకే తాను. వెల్వెట్‌కి నూగు ఉంటుంది. ఆ నూగు పైకి వాలి ఉంటే రంగు చిక్కగా కనబడుతుంది, కిందికి వాలితే వెలిసిపోయినట్టుంటుంది. అన్ని పన్నాల నూగూ ఒకే దిక్కుకి ఉండేట్టు కలపడంలోనే ఉంది పనితనమంతా.

ఆ దిక్కు చెప్పేది కటింగ్ మాస్టారు. ఆయనకి ఒక పేరున్న విద్య ఉంది. బట్ట వైపు చూడడు. మొహం పక్కకి తిప్పుకుని, అరచేత్తో వెల్వెట్‌ని ఒక్కసారి నిమిరి, పన్నాని తిరగేసి వెనకవైపు సుద్దతో టక్కున బాణం గీసేస్తాడు. బాణం ఎటుంటే నూగు అటు. ఆర్డరిచ్చేవాళ్ళు వస్తే మేడమ్‌గారు వాళ్ళని ప్రత్యేకంగా ఆ బల్ల దగ్గరికి తీసుకొచ్చి చూపించేది. కుట్టేవాళ్ళకి మాత్రం ఒకటే ఆజ్ఞ, బాణం చూసి కుట్టు, బట్ట మొహం తిప్పి చూడకు. నాలుగు చేతులు పడితే వెల్వెట్ నలిగిపోతుంది మరి.

"ఎవరు కుట్టారిది?" అంది మేడమ్‌గారు, తెలిసే.

"నేనే" అంటూ ఒక పిల్ల మిషను వెనక నుంచి లేచింది. ఆ పిల్లకి షెడ్డులో టపాకాయ అని పేరు. చేరిన కొత్తలోనే "ఫ్యాను మీ గదిలోనే తిరగాలా మేడమ్, మాకేం చెమటలు పట్టవా?" అని అడిగిన ఘనురాలు. అప్పట్నుంచీ అందరూ ఆ పిల్లకి ఒక అడుగు దూరంగానే కూర్చునేవాళ్ళు.

"బాణం తలకిందులు చేసి కుట్టావా?"

"లేదు. బాణం చూసే కుట్టాను."

"అంటే బాణమే తప్పా?"

అందరూ మాస్టారి వైపు చూశారు. ఆయన మెడలో వేలాడుతున్న టేపుని రెండు వైపులా సమంగా లాక్కున్నాడు. "నా చెయ్యి తప్పుతుందని ఈ షెడ్డులో ఎవరైనా అంటే అననివ్వండి మేడమ్" అన్నాడు, గొంతు పెంచకుండా.

ఎవరంటారు? ఆయన మనుషుల్లో పెద్దమనిషి, ప్రార్థన మందిరంలో సంఘ పెద్ద. పిన్నికైతే ఆ రెండూ కాక, స్వయానా బావగారు, మొగుడి అన్న.

పిన్ని తన చేతిలో ఉన్న బ్రష్షు వైపు చూసుకుంది. ఆ బాణాన్ని చూసిన కళ్ళు ఆవిడవి. కుట్టు పూర్తయిన తెరకి ఆఖరి పని ఆవిడదే. వేలాడే దారాలు కత్తిరించి, ముందువైపు నూగుని మెత్తటి బ్రష్షుతో పైకి దువ్వి, వెనకవైపు సుద్ద గుర్తులన్నీ దులిపేసి మడత పెట్టాలి. శనివారం ఆ మధ్య పన్నా దగ్గరికి వచ్చేసరికి బ్రష్షు జారలేదు, పిల్లి వీపుని వెనక్కి నిమిరినట్టు నూగంతా లేచి నిలబడింది. ఇదేంటి అనుకుని తిరగేసి చూసింది. బాణం మిగతా వాటిలాగే పైకే ఉంది. నూగేమో కిందికి ఉంది. అడుగుదామని మాస్టారి బల్ల దాకా వెళ్ళింది కూడా. అక్కడ ఆర్డరుకొచ్చిన వాళ్ళెవరో ఉన్నారు, ఆయన మొహం పక్కకి తిప్పుకుని తన విద్య చూపిస్తున్నాడు, వాళ్ళు ఆహా అంటున్నారు. "ఏమ్మా?" అన్నాడాయన. "ఏం లేదు బావగారూ" అని వెనక్కొచ్చి, పని నేర్చిన చేత్తో ఆ బాణాన్ని శుభ్రంగా దులిపేసింది.

మేడమ్‌గారి తీర్పు ఎక్కువసేపు పట్టలేదు. టపాకాయ వాకిలి దగ్గర, వచ్చేపోయేవాళ్ళందరికీ కనబడేట్టు కూర్చుని, ఆ తెర కుట్లన్నీ తనే విప్పాలి. శనివారంతో పని ఆఖరు. "వేరేచోట పనికెళ్తే వాళ్ళు నన్ను అడుగుతారు. అడిగితే ఉన్నదే చెప్తాను. చూడకుండా కుట్టి, పైగా పెద్దాయన మీదకి తోసిందని చెప్తాను" అంది.

టపాకాయ నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. ఆ పిల్ల నోరు మూసుకోవడం షెడ్డులో ఎవరూ చూసి ఎరగరు.

బుధవారం పిన్ని తన పని తొందరగా ముగించుకుని, వాకిలి దగ్గర ఆ పిల్ల పక్కన చతికిలబడింది. ఇద్దరి ఒళ్ళోనూ తెర బరువుగా పడుంది. వెల్వెట్ కుట్టు విప్పడమంటే మామూలు బట్ట విప్పినట్టు కాదు. ఇలా లాగితే అలా వచ్చెయ్యదు. కుట్టు కుట్టుకీ బ్లేడు మొన దూర్చి, పైదారం తెంపి, కింది దారాన్ని వేలికి చుట్టుకుంటూ నెమ్మదిగా లాగాలి. తొందరపడితే నూగు ఊడి బట్ట బోడిగా బయటపడుతుంది. అటుగా టీకి వెళ్తున్న ఓవర్‌లాక్ మిషనాయన ఆగి, "ఏం పిన్నీ, దానికి శిష్యరికమా?" అన్నాడు. పిన్నికి చెవుల దాకా వేడెక్కింది. అయినా లేవలేదు. అదే తను చెయ్యగల గొప్ప సాయమని ఆవిడ అనుకుంటోంది.

టపాకాయ దారం చుట్టుకుంటూ తలెత్తకుండానే అంది. "పిన్నీ, నువ్వు జాలిపడి నా పక్కన కూర్చోనక్కర్లేదు. దులిపింది నువ్వే కదా? బాణం ఎటుంది?"

పిన్ని చేతిలో బ్లేడు ఆగింది.

"నేను బాణం చూసే కుట్టాను. అది నాకు తెలుసు, నీకూ తెలిసుండాలి. చూశావా లేదా? అదొక్కటే చెప్పు."

ఓవర్‌లాక్ ఆయన ఇంకా వెళ్ళలేదు. కర్టెన్ రింగులు కుట్టే అక్కలిద్దరూ చెవులు రిక్కించారు. లోపల బల్ల దగ్గర కత్తెర చప్పుడు కూడా ఆగినట్టనిపించింది.

"నేను సరిగ్గా చూళ్ళేదమ్మా" అంది పిన్ని.

"సరే" అంది టపాకాయ. తర్వాతి కుట్టులోకి బ్లేడు మొన దూర్చింది. నాలుగు తిట్లు తిట్టినా పిన్ని ఓర్చుకునేది. ఆ 'సరే' మాత్రం ముల్లులా దిగబడిపోయింది.

ఆ సాయంత్రం బావగారింట్లో ప్రార్థన కూడిక. చాపల మీద పది మంది దాకా సర్దుకుని కూర్చున్నారు. బావగారి ప్రార్థన అంటే అందరికీ ఇష్టం. ఆ గొంతులో బరువుంటుంది, మాటకీ మాటకీ మధ్య ఆగే తీరులో ఒక నిదానం ఉంటుంది. లోకంలో రోగులందరి కోసం, ప్రయాణాల్లో ఉన్నవాళ్ళ కోసం ప్రార్థించి, చివర్లో ఆయన, "మా పనిచోట దారి తప్పిన ఒక చిన్నపిల్ల ఉంది ప్రభువా. తన తప్పు తను ఒప్పుకునే మనసు ఆ బిడ్డకి ఇవ్వు" అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు.

పిన్నికి ఆమెన్ నోట్లోంచి రాలేదు. తన వంతు వచ్చినప్పుడు ప్రార్థన కూడా రాలేదు. కళ్ళు మూసుకుంటే, ప్రభువుని పట్టుకుపోయిన రాత్రి మంట దగ్గర చలి కాచుకుంటూ 'ఆయనెవరో నాకు తెలీదు' అన్న శిష్యుడు కనబడ్డాడు. చిన్నప్పటి నుంచీ ఆ కథ విన్నప్పుడల్లా ఆవిడకి ఆ శిష్యుడి మీద ఒళ్ళు మండేది. అంతకు ముందే ప్రభువు కోసం కత్తి దూసిన మనిషే, చివరికి ఎవరికి జడిశాడు? రాజుక్కాదు, సైనికుడిక్కాదు. ఒక పనిపిల్ల అడిగింది, పక్కన నలుగురు వింటున్నారు, అంతే. ఛీ, ఇంత పిరికితనమా అనుకునేది. ఇవాళ తను జడిసింది ఎవరికి? ఓవర్‌లాక్ ఆయనకి, రింగుల అక్కలకి. ఏడుపొచ్చింది. అందరూ దాన్ని భక్తి అనుకుని గౌరవంగా ఊరుకున్నారు.

కూడిక అయ్యాక తోడికోడలు టీ పోసి స్టీలు గ్లాసులు పళ్ళెంలో పెట్టింది. "మీ బావగారు వరండాలో ఉన్నారు, ఇచ్చి రావే" అంది. గ్లాసు కాలిపోతోంది. పిన్ని దాన్ని చీర చెంగుతో పట్టుకుని తీసుకెళ్ళింది. ఆయన చెయ్యి చాపి ఉత్త చేత్తో అందుకుని, గుప్పిట్లో పెట్టుకున్నాడు.

"బావగారూ, ఒక మాట."

"చెప్పమ్మా."

"ఆ మధ్య పన్నా మీద బాణం పైకే ఉంది. నూగే కిందికి ఉంది. నేను చూశాను."

ఆయన గ్లాసు అలాగే పట్టుకుని వీధిలోకి చూశాడు. "చూశావు. చూసి దులిపేశావు. మరి అప్పుడు నోరెందుకు తెరవలేదు?"

"భయమేసింది."

"ఎవరంటే?"

"మీరంటే. అందరన్నా."

"ఇప్పుడు వెయ్యట్లేదా?"

"వేస్తోంది బావగారూ."

"అయితే అలాగే భయంగా ఉండమ్మా, మంచిది." ఆయన నవ్వాడు గానీ అందులో నవ్వు లేదు. "ఆ పిల్లకేం, చిన్న వయసు, ఎక్కడైనా బతుకుతుంది. నాకు ఆ పేరొక్కటే ఉంది. అది పోతే, మందిరంలో ముందు వరసలో ఏ మొహం పెట్టుకుని కూర్చోమంటావు? అందరూ ఏమనుకుంటారు?"

పిన్ని ఉలిక్కిపడింది. అది తన మాట. అద్దం ముందూ, బస్సులోనూ, కొట్లోనూ తను రోజూ అనుకునే మాట. ఇంత పెద్ద మనిషి నోట్లోంచి అచ్చం తన గొంతుతోనే వచ్చింది.

ఆయన గ్లాసుని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. అప్పుడు కనబడింది. అరచెయ్యంతా ఎర్రగా కందిపోయి, వేళ్ళ మొదట్లో బొబ్బలు లేస్తున్నాయి.

"బావగారూ, చెయ్యి!"

ఆయన తన చేతిని వేరే ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. గబుక్కున గ్లాసు గట్టు మీద పెట్టి, చెయ్యి తువ్వాలు కింద దాచేశాడు. "మీ అక్కకి చెప్పకు" అన్నాడు. ఆయనకి ఎన్నాళ్ళుగానో షుగరు ఉంది. వేళ్ళు మొద్దుబారిపోయిన సంగతి మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు. నిమిరితే తెలియని చేత్తో, మొహం పక్కకి తిప్పుకుని, ఊహించి గీస్తున్నాడు బాణాలు. ఒక్కసారి కళ్ళు తిప్పి బట్టని చూసుకుంటే సరిపోయేది. చూస్తే విద్య పోయిందని అందరికీ తెలిసిపోతుందని చూడలేదు.

గురువారం, శుక్రవారం పిన్ని తన పని తను చేసుకుపోయింది. మాస్టారు చేతికి కట్టుతో వచ్చి, టీ ఒలికిందని చెప్పాడు. టపాకాయ కుట్లన్నీ విప్పేసి, సూది పడిన చోటల్లా వెనక నుంచి ఆవిరి పట్టి, నూగుని మళ్ళీ లేపుతూ కూర్చుంది. ఎవడి కోసం చేస్తుందో అంత శ్రద్ధగా, పోయే పిల్ల!

శుక్రవారం సాయంత్రం మొగుడు డ్యూటీ దిగి, కాళ్ళు కడుక్కుని కూర్చున్నాక పిన్ని మొత్తం చెప్పేసింది. ఆయన నోటికి రోజూ వచ్చే హాస్యం ఆ పూట రాలేదు.

"అన్నయ్య మీదే చెప్తావా?" అన్నాడు.

"చూసింది చెప్తాను. ఆయన చెయ్యి సంగతి నేనెత్తను. అది చెప్పుకుంటే ఆయనే చెప్పుకోవాలి."

"నీ మాట ఎవరు నమ్ముతారే? దులిపేసిన సుద్దని మళ్ళీ చూపిస్తావా? రేపు వదిన మన గడప తొక్కదు. మందిరంలో..."

"తెలుసండీ. అవన్నీ మీకంటే ముందు నేనే అనుకున్నాను. నాకా అలవాటుంది కదా."

పిన్ని వంటగదిలోకి వెళ్ళి, గిన్నెలు సర్ది, స్టవ్ ఆర్పి, అక్కడే గట్టు పట్టుకుని నిలబడింది. ఆవిడ ప్రార్థనలకి మామూలుగా ఒక వరస ఉండేది, మందిరంలో అందరూ చేసే వరసే. ఆ పూట ఆ వరస గుర్తు రాలేదు. "ప్రభువా, వాళ్ళందరూ నాకు నీకన్నా పెద్దవాళ్ళైపోయారు" అంది పైకే. అన్నాక తనకే సిగ్గేసింది, అన్నది నిజం కాబట్టి. "పక్కింటావిడ ఏమంటుందో అడిగి చీర కట్టుకున్నాను గానీ, నువ్వేమంటావో అడిగి ఒక్క మాటా మాట్లాడలేదు. నేను పిరికిదాన్నని నీకు తెలుసు. తెలిసీ వదిలిపెట్టలేదు కదా. మంట దగ్గర అబద్ధమాడిన ఆయన్నీ వదల్లేదు. పిలిచి మళ్ళీ పనిచ్చావు. నాకూ ఇవ్వు." అంతకన్నా మాటలు లేవు. కళ్ళు తుడుచుకుంది. భయం ఎక్కడికీ పోలేదు. కాకపోతే, ఆ భయాన్ని అడిగి నడుచుకోవాల్సిన పని తనకి లేదని మొట్టమొదటిసారి అనిపించింది. ఆ రోజు హాయిగా నిద్రపోయింది కూడా.

పొద్దున మొగుడు ఆవిడని షెడ్డు గేటు దాకా తనే దిగబెట్టాడు. "నేనైతే చెప్పలేనే. మా అన్న ముందు ఈ వయసులో కూడా గట్టిగా దగ్గలేను నేను" అన్నాడు. అని వెళ్ళిపోకుండా, ఆవిడ లోపలికి వెళ్ళేదాకా అక్కడే నిలబడ్డాడు.

పదకొండింటికి పన్నాలన్నీ బల్ల మీదికి చేరాయి. ఈసారి బాణాలు తన కళ్ళ ముందే గీయాలని మేడమ్‌గారు పంతం పట్టింది. అందరూ మిషన్లు ఆపి చుట్టూ చేరారు. టపాకాయ అప్పటికే తన కత్తెర, మిషను కుర్చీ మీది దిండు సంచిలో పెట్టుకుని, గోడకి ఆనుకుని నిలబడింది. మాస్టారు కట్టులేని ఎడమచేత్తో పన్నాని నిమిరాడు. మొహం పక్కకి తిప్పుకుని నిమిరాడు. మరోసారి నిమిరాడు. సుద్ద అందుకున్నాడు.

"మేడమ్‌గారూ" అంది పిన్ని.

అది తన గొంతేనా అనిపించింది ఆవిడకి. షెడ్డంతా తలతిప్పి చూసింది.

"ఆ అమ్మాయి తప్పు లేదండి. ఆ రోజు దులిపేటప్పుడు నేను చూశాను. బాణం పైకే ఉంది, నూగు కిందికి ఉంది. ఆ పిల్ల బాణం ప్రకారమే కుట్టింది. అడిగితే చూళ్ళేదని చెప్పాను, అది అబద్ధం."

అందరూ ఒక్కసారే మొదలెట్టారు.

"సొంత బావగారి మీదా పిన్నీ!" అన్నాడు ఓవర్‌లాక్ ఆయన.

"ఆ టపాకాయ పక్కన కూర్చుని ఏం నూరిపోసిందో" అంది రింగుల అక్కల్లో ఒకావిడ.

"ఋజువేంటి?" అంది మేడమ్‌గారు.

"ఋజువు లేదండి. నా చేత్తోనే దులిపేశాను."

"మరి ఎలా నమ్మమంటావు?"

"నమ్మమని అడగట్లేదండి" అంది పిన్ని. మాట వణకడంలేదు, అదే ఆశ్చర్యంగా ఉంది ఆవిడకి. "మీరు నమ్మినా మానినా చెప్పాలి, చెప్పాను. చూసినవాడు ఇంకొకడున్నాడు. ఆ దేవుడి ముందు అబద్ధమాడాక బుధవారం నుంచీ నాకు నోట్లోకి ముద్ద దిగట్లేదు. నాకు బావగారంటే గౌరవం. రేపైనా ఉంటుంది. ఆ పిల్ల పేరు పోవడానికి మాత్రం నేను ఒప్పుకోను."

ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వితే నవ్వారు. ఇన్నేళ్ళుగా ఏ నవ్వు వినబడుతుందోనని దారి మార్చుకుని తిరిగిందో, ఆ నవ్వు వచ్చింది, అయిపోయింది. పిన్ని నిలబడ్డ చోటే నిలబడి ఉంది.

మాస్టారు సుద్ద పట్టుకునే ఉన్నాడు. అందరూ ఆయన ఏమంటాడా అని చూస్తున్నారు. ఆయన ఒక్క మాటంటే చాలు, పిన్ని గతి అంతే. ఆయన చూపు పిన్ని దగ్గరికి వచ్చి ఆగింది. బస్సులో కూడా గొంతెత్తని తన తమ్ముడి పెళ్ళాం, పదిమందిలో ఒంటరిగా, చీర కొంగు బిగించి పట్టుకుని, తల దించకుండా నిలబడి ఉంది.

ఆయన సుద్ద బల్ల మీద పెట్టేశాడు.

"ఆమె చెప్పింది నిజం మేడమ్" అన్నాడు. "నా చేతికి తెలియట్లేదు. చాన్నాళ్ళయింది తెలియక. ఊహించి గీస్తున్నాను." కుడిచేతి కట్టు విప్పి చాపాడు. "ఇది టీ ఒలికి కాలింది కాదు. మరిగే గ్లాసు పట్టుకున్నానని నాకే తెలీలేదు. ఈ మాట ఎవరికైనా తెలిస్తే చచ్చిపోతాననుకున్నాను." ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. "ఏం కాలేదు. నిలబడే ఉన్నాను."

ఇక టపాకాయ పేలుతుందని అందరూ కాచుకుని ఉన్నారు. పేలడానికి దానికి హక్కుంది కూడా. ఆ పిల్ల సంచి కింద పెట్టి, బల్ల దగ్గరికి వచ్చి, వేలాడుతున్న లైటుని పన్నా మీదకి వంచింది. "చెయ్యి పోతే కళ్ళు బాగానే ఉన్నాయిగా మాస్టారూ. ఇలా పక్క నుంచి చూడండి, నూగు ఎటుందో రంగే చెప్తుంది" అంది మొరటుగా. ఆయన వంగి చూశాడు. మొహం తిప్పుకోకుండా, అందరి ముందూ, రెండు కళ్ళతో చూశాడు. చూసి బాణం గీశాడు.

అప్పుడు ఆ పిల్ల మేడమ్‌గారి వైపు తిరిగింది. "నన్నన్న మాట అందరి ముందూ అన్నారు. తీసెయ్యడం కూడా అందరి ముందే తీసెయ్యాలి."

మేడమ్‌గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుంది. "నీ తప్పు లేదు" అంది చివరికి. "వెళ్ళి మిషను మీద కూర్చో."

"ఆ ఫ్యాను సంగతి కూడా..."

"ముందు కుట్టవే తల్లీ!"

షెడ్డంతా నవ్వింది. పిన్ని మాత్రం నవ్వలేదు. మూలకి వెళ్ళి మంచినీళ్ళు తాగి, మళ్ళీ తన బ్రష్షు అందుకుంది.

ఆదివారం మందిరం నిండిపోయి ఉంది. సంగతి అప్పటికే అందరికీ చేరిపోయినట్టుంది. పిన్ని, మొగుడు గుమ్మంలో అడుగు పెట్టగానే మాటలు తగ్గాయి. ఒకరిద్దరు పలకరింపుగా తలూపారు. ఎక్కువమంది చేతుల్లోని పుస్తకాల్లోకి చూసుకున్నారు. మాస్టారు ముందు వరస బెంచీ చివర, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన తోడికోడలు. ఎప్పుడూ వీళ్ళిద్దరూ కూర్చునే చోట ఆవిడ తన సంచి అడ్డంగా పెట్టి, మొహం గోడ వైపు తిప్పుకుంది.

"వెనక కూర్చుందామే" అన్నాడు మొగుడు చెవిలో. "అందరూ చూస్తున్నారు."

"చూడనివ్వండి" అంది పిన్ని.

బెంచీల మధ్య నుంచి ముందుదాకా నడిచింది. తొందరపడలేదు. మాస్టారు కాళ్ళు పక్కకి తీసి దారిచ్చాడు. పిన్ని ఆ సంచి రెండు చేతులతో ఎత్తి, దులిపి, తోడికోడలి ఒళ్ళో పెట్టింది.

"నలుగురిలో మా పరువు తీశావు" అంది తోడికోడలు, పళ్ళ బిగువున.

"కోపం ఉంటే తిట్టక్కా, పడతాను. లేచి మాత్రం వెళ్ళను" అంది పిన్ని. "కొంచెం జరుగు, ఆయన కూడా కూర్చోవాలి."

తోడికోడలు కదల్లేదు. పిన్ని నిలబడే ఉంది. వెనక బెంచీల్లో గుసగుసలు లేచాయి, అవి స్పష్టంగానే వినబడ్డాయి. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు. కాసేపటికి తోడికోడలు ఎవరి వైపూ చూడకుండా, సంచి గుండెలకి హత్తుకుని, కొద్దిగా జరిగింది. పిన్ని కూర్చుని, మొగుడికి చోటు చూపించింది.